మంచం కింది పెట్టె

పోయినవి ముప్పై ఐదు. ఎద్దు ఒకటి, గాడిద ఒకటి, ఒంటెలు మూడు, కిరీటాలు మూడు. మంత్రసానులు ఇద్దరు. పిల్లల్లేని ముసలి దంపతులు ఇద్దరు. పువ్వు పూసిన చేతికర్ర ఒకటి. తలవంచిన సింహాలు రెండు. దారి దొంగలు ఇద్దరు. బెత్తం పట్టుకున్న పంతులు ఒకరు. ఖర్జూర చెట్టు, పగిలిన కడవ, కుంచం, రంగుల బాన, మంచం ఒక్కొక్కటి. పిచ్చుకలు పన్నెండు.

అన్నీ బొమ్మలే, అరచేతిలో పట్టేంతవి. పెనుమూడిలో మా మేనత్త పడుకునే మంచం కింద ఒక అట్టపెట్టెలో ఉండేవి. కృష్ణకు పెద్ద వరద వచ్చిన ఏడు ఆమె ఇంట్లోకి మోకాలెత్తు నీళ్ళు వచ్చి మూడు రోజులు నిలిచాయి. నీళ్ళు తీశాక నేను తెనాలి నుంచి వెళ్ళి ఆ పెట్టెను బయటికి లాగబోతే అడుగు ఊడిపోయింది. లోపల ఎరుపూ పసుపూ నీలమూ కలగలిసిన బురద. కాల్చని మట్టితో చేసిన బొమ్మలు కావడంతో కరిగిపోయాయి. వెదురుపుల్లల మంచం ఎటు కొట్టుకుపోయిందో తెలియదు. కిరీటాలు బంగారు రంగు కాగితంవి.

అత్త గడప మీద కూర్చుని చూసింది. ఏడవలేదు. "ఎన్ని పోయినయ్యో లెక్క రాయరా" అంది. ఉన్నవాటిని లెక్కపెట్టడం నా పని. లేనివాటిని లెక్కపెట్టడం అదే మొదటిసారి. ఆమె ఒక్కో బొమ్మనూ గుర్తుచేసుకుని చెబుతూ ఉంటే నేను వేళ్ళు మడిచాను.

నేను తెనాలిలో ఒక కలప అడితిలో కొలతలు చూస్తాను. పదో తరగతి తప్పాక అందులో చేరాను. దుంగ చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించి, పొడవుతో మళ్ళీ హెచ్చిస్తే ఎన్ని ఘనపుటడుగులో తెలుస్తుంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. దుంగల మీద సుద్దముక్కతో వేసుకుంటూ నేర్చుకున్నాను. ఇప్పుడు దుంగను చూసి చెప్పిన అంకెకూ టేపు చెప్పిన అంకెకూ పెద్ద తేడా ఉండదు. దీన్ని చెప్పడం గొప్పకు కాదు, తర్వాత ఒక మంచం సంగతి వస్తుంది, అందుకు.

మా అత్త బాపట్లలో ఆడపిల్లల హాస్టల్లో చాలా ఏళ్ళు టీచరుగా చేసింది. చేరిన కొత్తలో అక్కడ ఒక పెద్ద వార్డెనమ్మ ఉండేదట. క్రిస్మస్‌కి ముందు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని యేసు బాల్యం గురించి కథలు చెప్పేదట. ఆ కథలు నాలుగు సువార్తల్లో ఎక్కడా ఉండవు. ఆ తర్వాతి కాలంలో, కొన్ని వందేళ్ళకీ కొన్ని ఐదారు వందల ఏళ్ళకీ, యేసును ప్రేమించినవాళ్ళు రాసుకున్నవి. అవి ఆ రాతల్లోంచి ఎన్ని నోళ్ళు మారి బాపట్ల హాస్టలు వరండాకు చేరాయో ఆ వార్డెనమ్మకూ తెలియదు. ఆమె పోయాక చెప్పే పని అత్తకు వచ్చింది. ఏటా ఒక కథకు పిల్లల చేత కాలవ మట్టితో బొమ్మలు చేయించేది. అలా తొట్టి, బిడ్డ, గొల్లలు, జ్ఞానులు లాంటివి కాక, పద్నాలుగు కథలకు ముప్పై ఐదు బొమ్మలు పోగయ్యాయి. రిటైరయ్యి పెనుమూడి వచ్చాక ప్రతి డిసెంబరులోనూ రేపల్లెలో మా గుడికి ఆ పెట్టె మోసుకెళ్ళేది. పిల్లలు వెదురుబద్దలతో, కొత్త వరిగడ్డితో క్రిస్మస్ పాక కట్టేవాళ్ళు. అత్త పాక ముందు చాప మీద కూర్చుని బొమ్మ బొమ్మకూ కథ చెప్పేది.

ఆమెకు ఒక కట్టుబాటు ఉంది. బొమ్మ చేతిలో లేనిదే ఆ కథ చెప్పదు. చెప్పేముందు ఆ బొమ్మ ఎవరు చేశారో చెబుతుంది. "ఇది వేమూరు పిల్ల చేసింది. వాళ్ళ నాన్న పాలేరు. గాడిదని చేయమంటే చెవులు ముందు చేసి, వాటికి తగ్గ గాడిదని తర్వాత చేసింది" అని మొదలుపెట్టేది. వాక్యం చెప్పాల్సి వస్తే మాత్రం బొమ్మ కింద పెట్టి, చేతులు కడుక్కుని, బైబిలు తెరిచేది. నా చిన్నప్పుడు ఎందుకలా అని అడిగితే, "చేతిలో పుస్తకం ఉంటే వాక్యం రా. చేతిలో బొమ్మ ఉంటే కథ. పిల్లలకి తేడా తెలవాలి గదా" అంది.

ఆ తేడా పిల్లలందరికీ తెలియలేదని వరదకు రెండేళ్ళ ముందు బయటపడింది. ఆదివారం బడి పరీక్షలో యేసు చేసిన మొదటి అద్భుతం ఏది అని ప్రశ్న వచ్చింది. నీళ్ళను ద్రాక్షారసంగా మార్చడం అని రాయాలి. మా గుడి పిల్లలు ముగ్గురు 'మంచం పట్టెను సాగదీయుట' అని రాశారు. పేపర్లు దిద్దినవాళ్ళు అప్పుడే కొత్తగా వచ్చిన మా గుడి పాస్టరు అయ్యగారికి ఫోన్ చేసి, మీ దగ్గర ఏ బైబిలు చదువుతారండీ అని నవ్వారట.

అయ్యగారిది చిన్న వయసు, మంచి చదువు. కోపంగా రాలేదు. స్కూటర్ మీద పెనుమూడి వచ్చి, అత్త ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టకుండానే విషయం ఎత్తారు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను.

"టీచరమ్మ గారూ, నేను ఆ కథలు చదువుకున్నవాణ్ణేనండి. అవి అబద్ధాలని నేననను. సాక్ష్యం కాదంటాను. చూసినవాళ్ళు రాసినవి కావు."

"కావండి. నేనూ చూడలేదు."

"అసలు ఆ రాతల్లో పిల్లవాడైన యేసుకి ఒక్కోచోట మహా కోపం అండి. ఎవడో పిల్లవాడు పరిగెత్తుతూ వచ్చి భుజం తగిలిస్తే శపించాడట, వాడు అక్కడికక్కడే పడిపోయాడట. అది కూడా చెబుతారా పిల్లలకి?"

"ఆ బొమ్మ నేను చేయించలేదండి" అంది అత్త.

అయ్యగారు నవ్వు ఆపుకోలేకపోయారు. మజ్జిగ కొంచెం చొక్కా మీద ఒలికింది. చివరికి ఆయన అడిగింది ఒక్కటే. వాక్యంలో ఉన్న బొమ్మల్నీ లేనివాటినీ కలిపి పాకలో పెట్టవద్దు. అత్త వెంటనే ఒప్పుకుంది. నా వైపు తిరిగి, "లెక్కలోడివి గదా. నాలుగు సువార్తలూ చదివి ఏవి ఉన్నయ్యో, ఏవి లేవో తేల్చు" అంది.

నెల రోజులు అడితిలో మధ్యాహ్నం భోజనమయ్యాక చదివాను. చిన్నప్పటి నుంచీ వింటున్న పుస్తకమే. లెక్క కోసం చదివితే వేరుగా ఉంటుందని అప్పుడు తెలిసింది. తూర్పు దేశపు జ్ఞానులు ఉన్నారు, ముగ్గురని లేదు. వాళ్ళు రాజులని లేదు, ఒంటెలెక్కి వచ్చారనీ లేదు. పశువుల తొట్టి ఉంది. పాక లేదు. ఎద్దూ గాడిదా లేవు. మరియమ్మ తల్లిదండ్రుల, అంటే మా పెట్టెలోని ముసలి దంపతుల, మాటే లేదు. యేసు పుట్టాక ఐగుప్తుకు పారిపోవడం, తిరిగి రావడం ఉంది. పన్నెండో ఏట గుళ్ళో తప్పిపోయి దొరకడం ఉంది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళ వయసు దాకా, పద్దెనిమిదేళ్ళకు, పెరిగాడు అని ఒక్క వాక్యం.

నా పనిలో ఇంత పెద్ద ఖాళీ ఉంటే యజమాని నిద్రపోడు. ఆ ఖాళీని చూస్తూ నేను ఆ తర్వాతి రాతలు రాసినవాళ్ళ గురించి ఆలోచించాను. వాళ్ళు మోసగాళ్ళని నాకు అనిపించలేదు. మనకు బాగా ఇష్టమైన మనిషి చిన్నతనం మనకు తెలియకపోతే ఊరుకోలేం. ఏం తినేవాడో, ఎవరితో ఆడేవాడో, నాన్నకు పనిలో సాయం చేసేవాడో కాదో తెలుసుకోవాలనిపిస్తుంది. అడిగి తెలుసుకుందామంటే చూసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. కాబట్టి వాళ్ళు తమ ఊళ్ళో ఉన్నవాటినే ఆ ఖాళీలో పెట్టారు. బడి, బావి, రంగుల అద్దకంవాడి కొట్టు, వడ్రంగి పని, వాగు పక్కన బురద. వందల ఏళ్ళ కిందట, మనకు తెలియని భాషల్లో రాసినవాళ్ళు ఆ బిడ్డ పక్కన ఒక పశువు ఉంటే వెచ్చగా ఉంటుందని అనుకున్నారు. నాలుగు సువార్తలూ చదివాక నాకు వాళ్ళ మీద గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు.

లెక్క తేల్చి అత్తకు చెప్పాను. వాక్యంలో ఉన్నవాటిని ఆమె ఒక రేకుపెట్టెలో సర్దింది. జ్ఞానులు అందులోకి వెళ్ళారు, వాళ్ళ కిరీటాలు తీసి అట్టపెట్టెలో పడ్డాయి. "వాక్యం పైన ఉండాల" అని రేకుపెట్టెను అటక మీద పెట్టించింది. అట్టపెట్టెను మంచం కిందికి తోసింది. అది భక్తితో చేసిన పని. ఆ ఏడూ ఆ మరుసటేడూ క్రిస్మస్‌కు పాకలో రేకుపెట్టె బొమ్మలు పెట్టి, మిగతావి పక్కన చాప మీద విడిగా పెట్టి కథలు చెప్పింది. పరీక్షలో మళ్ళీ ఎవరూ మంచం గురించి రాయలేదు.

తర్వాత వరద వచ్చింది. అటక మీదివి ఒక్కటి కూడా తడవలేదు. కిందివి ఒక్కటి కూడా మిగల్లేదు.

ఇల్లు నానిపోవడంతో అత్తను బాపట్లలో ఉన్న కూతురు, మా వదిన, తీసుకెళ్ళింది. ఆ డిసెంబరులో నేను అత్తను రేపల్లె తీసుకెళ్ళాను. పాకలో తొట్టి, బిడ్డ, తల్లీ తండ్రీ, గొల్లలు, గొర్రెలు, బోడితలల జ్ఞానులు. పిల్లలు పాక ముందు కూర్చుని అత్త చేతుల వైపు చూస్తున్నారు.

"ఎద్దేది అమ్మమ్మా?"

"లేదమ్మా."

"పిచ్చుకలు?"

"అవీ లేవు."

అయ్యగారు వంగి ఆమె చెవి దగ్గర, "బొమ్మలు లేకపోతే ఏముందండి టీచరమ్మ గారూ, ఊరికే నోటితో చెప్పండి. పాపం పిల్లలు కాచుక్కూర్చున్నారు" అన్నారు.

"బొమ్మ లేకుండా చెబితే అది బోధ అయిపోద్ది అయ్యగారూ. బోధ చెయ్యడానికి మీరున్నారు. నాకు కథే వచ్చు."

ఆమె చాప మీద నుంచి లేచి వెనక బెంచీలో కూర్చుంది. ఎవరినో నొప్పించాలని కాదు. ఆమె కట్టుబాటు ఆమెది. వదిన ఇంటికి తిరిగి వెళ్ళేటప్పుడు రైల్లో నేను ఫోన్ తీసి, "నాకు చెప్పత్తా, రికార్డు చేసుకుంటా. ఒక్కడినే వింటా" అన్నాను. ఆమెకు అప్పటికి ఎనభై దాటింది. ఆ కథలు ముక్కలు ముక్కలుగా తప్ప నాకు గుర్తులేవు. ఆమె చెప్పినట్టు చెప్పడం ఎవరికీ రాదు. ఆమెతోపాటు పద్నాలుగూ వెళ్ళిపోతాయన్న భయం నాకు ఆ రైల్లోనే మొదలైంది.

"బొమ్మ తీసుకురా, చెప్తా" అని కిటికీ వైపు తిరిగింది.

మర్నాడే తెనాలి బజారులో ఒక ప్లాస్టిక్ ఎద్దును కొన్నాను. ఆ తర్వాతి ఆదివారం బాపట్ల తీసుకెళ్ళి ఇచ్చాను. అత్త దాన్ని తిరగేసి మరగేసి చూసింది.

"ఎవరు చేశారు?"

"ఏదో ఫ్యాక్టరీలో చేసుంటారు."

"ఫ్యాక్టరీలో ఎవరు?"

ఆమె ఎద్దును మనవరాలికిచ్చి ఆడుకోమంది. తర్వాత నేనే అడితిలో ఒక టేకుముక్క తీసుకుని ఎద్దును చెక్కడానికి ప్రయత్నించాను. నాలుగు ఆదివారాలు పట్టింది. అత్త దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "టేకు మంచిదే. కానీ ఇది దుంగరా నాయనా" అంది. వదిన వంటింట్లోంచి, "నాలుగు కాళ్ళున్నయ్ గదమ్మా" అని నా తరఫున మాట్లాడింది. "బల్లకీ ఉంటయ్" అంది అత్త.

మా అడితి పక్కన ఒక సాయిబు గారి వడ్రంగి షాపు ఉంది. నాకంటే పదేళ్ళు పెద్ద. తలుపులూ మంచాలూ చేస్తారు. ఎద్దు సంగతి చెబితే ఆయన తలూపి, "ప్రాణం ఉన్నవాటిని నేను చెక్కనండి గుమాస్తా గారూ, ఏమీ అనుకోమాకండి. మా నాన్న కూడా చెక్కేవాడు కాదు. ఇంకేమన్నా చెప్పండి" అన్నారు.

పోయినవాటిలో మనుషులూ జంతువులూ కానివి, చెక్కతో అయ్యేవి, ఏవో లెక్కేశాను. చేతికర్ర మీద పువ్వులు నాజూకు పని అని దాన్ని తర్వాతకి వదిలేశాను. ఖర్జూర చెట్టు, కుంచం, రంగుల బాన, మంచం. చెట్టు గురించి చెబుతుండగానే ఆయన రంపం పక్కన పెట్టారు.

"మరియమ్మ గారి చెట్టా అండి?"

"మీకెట్టా తెలుసు భాయ్?"

"అదేంటండీ, మా మరియమ్మ గారే గదండీ! ఆవిడకి నొప్పులొచ్చినప్పుడు చెట్టు కింద కూర్చుంటే, మొదలు పట్టుకుని కుదపమని ఆజ్ఞ. కుదిపితే పండ్లు రాలినయ్. మట్టిపిట్టకి ఊపిరి ఊదితే దేవుడి సెలవుతో ఎగిరింది గూడా మా ఖురాన్‌లో ఉంది."

మా అత్త కథలో చెట్టు ఐగుప్తు దారిలో వస్తుంది. తల్లికి ఆకలేస్తే ఒళ్ళో ఉన్న బిడ్డ చెప్పగానే చెట్టే నేల దాకా వంగుతుంది. ఆ మాట చెప్పాను. ఆయన చెవి మీది పెన్సిలు తీశారు.

"అయితే నిలబడాలా అండి, వంగాలా?"

మీ ఇష్టం అన్నాను. ఆయన మొదలు దగ్గర మేకుతో కీలు పెట్టి చెట్టును చేశారు. నిలబెడితే నిలబడుతుంది, వేలుతో తోస్తే వంగుతుంది. ఆకులు కొబ్బరి ఈనెలవి.

మంచానికి మాత్రం నేను కొలతలు కాగితం మీద రాసిచ్చాను. కుడి పట్టె ఆరంగుళాలు, ఎడమ పట్టె ఐదున్నర. కథకు ఆ అర అంగుళమే ప్రాణం. యోసేపు ఒక ధనవంతుడికి మంచం చేస్తుండగా ఒక పట్టె కురచగా తెగుతుంది. పిల్లవాడైన యేసు దాన్ని పట్టుకుని లాగి సరిచేస్తాడు. నాకు గుర్తున్నది అంతవరకే. పని ఎక్కువగా ఉన్న రోజు కావడంతో సాయిబు గారికి ఆ కథ చెప్పలేదు. కాగితం ఇచ్చి వచ్చేశాను.

నాలుగు వస్తువులనూ ఆయన పాత పేపర్లో చుట్టి ఇచ్చారు. విప్పకుండానే సంచిలో పెట్టుకుని బాపట్ల రైలెక్కాను.

అత్త ఒక్కొక్కటీ విప్పింది. చెట్టును వంచింది, లేపింది, మళ్ళీ వంచింది. కుంచంలో వేలు పెట్టి లోపలి నునుపు చూసింది. చివర్న మంచం తీసి దుప్పటి మీద పెట్టి కళ్ళజోడు సర్దుకుంది.

"రెండు పట్టెలూ సమానంగా ఉన్నయ్యిరా."

చూశాను. ఆరు, ఆరు. ఎడమది కూడా ఆరే. ఇరవై తొమ్మిదేళ్ళుగా కొలతలు రాస్తున్నాను, నేను ఐదున్నర అని రాసింది బాగా గుర్తుంది. అక్కడే సాయిబు గారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"భాయ్, మంచం ఎడమ పట్టె ఐదున్నర గదా నేను రాసింది?"

అటు రంపం చప్పుడు ఆగింది. తర్వాత ఆయన గొంతు తగ్గించి మాట్లాడారు.

"రాశారండి. తొందర్లో పొరపాటు పడ్డారేమో అనుకున్నానండి. ఒక పట్టె కురచగా మంచం ఎవరు చేయించుకుంటారండీ! కుర్రాళ్ళు చూస్తే మీ లెక్క తప్పిందని అడితంతా చెప్పుకుంటారని, కాగితం నేనే జేబులో పెట్టేసుకుని సరిచేశానండి. ఎవరికీ చెప్పలేదు."

అత్త నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వింది. వదిన మంచినీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నేను ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

"తప్పయిందా అండి? వెనక్కి పంపండి, కురచ చేసిస్తాను" అంటున్నారు సాయిబు గారు.

"వద్దు నాయనా వద్దు" అని అత్త ఫోన్ వైపు వంగి గట్టిగా అంది. "నువ్వు చేసిందే సరి. కథ అయిపోయాక మంచం ఇట్టాగే గదా ఉండాల!"

ఫోన్ పెట్టేశాక మంచం ఒళ్ళో పెట్టుకుని, నేనడగకుండానే మొదలుపెట్టింది.

"ఇది తెనాలి సాయిబు గారు చేసిన మంచం. అడితి గుమాస్తా కొలత తప్పు రాశాడని అనుకుని, ఆయన మాట పోకూడదని, ఎవరికీ చెప్పకుండా సరిచేసి ఇచ్చాడు. యోసేపుదీ ఇదే కష్టం. నాగళ్ళూ కాడిమానులూ చేసేవాడు, మంచాలు అలవాటు లేవు. పెద్దింటివాళ్ళ పని. పట్టె కురచగా తెగింది. కొత్త మాను కొనే స్తోమత లేదు. చెబితే మాట పోద్ది. పిల్లోడు తండ్రి మొహం చూశాడు. పట్టెలు రెండూ పక్కపక్కన పెట్టు నాన్నా అన్నాడు..."

ఆమె గొంతులో ఆ కథ విని నాకు ఎన్నేళ్ళయిందో! నేనూ వదినా నేల మీద కూర్చుని విన్నాం. ఆ మధ్యాహ్నం నాలుగు కథలు చెప్పింది. ఒక్క కుంచెడు గింజలు చల్లి వంద కుంచాలు కోసి పేదలకు పంచిన పిల్లవాడి కథ చెబుతున్నప్పుడు ఆగి, "మన పెనుమూడి మళ్ళలో కూడా ఇంత పండదురా" అని మళ్ళీ కథలోకి వెళ్ళింది. అన్ని గుడ్డలనూ ఒకే నీలిబానలో వేసిన యేసు, అద్దకంవాడు నెత్తి కొట్టుకుంటుంటే ఏ గుడ్డను ఏ రంగు కావాలంటే ఆ రంగుతో బయటికి తీశాడు. నేను ఫోన్లో రికార్డు చేశాను. ఆమె చూసి కూడా చెబుతూ పోయింది. బొమ్మ చేతిలో ఉంది కదా.

పోయిన క్రిస్మస్‌కు ఆమెను మళ్ళీ రేపల్లె తీసుకెళ్ళాను. పాకలో పెట్టేవి పాకలో పెట్టారు. అయ్యగారు బైబిలు చదవడం ముగించి, మూసి, బల్ల మీద పెట్టి, "ఇప్పుడు టీచరమ్మ గారు కథ చెబుతారు. పరీక్షలో రాసేది కాదిది, వినేది" అన్నారు. పిల్లలు పెద్దగా నవ్వారు. ఆ మూడు పేపర్ల సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు.

కురచ పట్టెను పిల్లలకు ఎలా చూపిస్తుందా అని నేను ఆలోచిస్తూనే ఉన్నాను. అత్త పట్టెల్ని మంచం కాళ్ళ నుంచి ఊడదీసి చాప మీద పక్కపక్కన పెట్టింది. ఒకదాని చివరను వరిగడ్డి కిందికి తోసింది. అంతే, అది కురచగా కనిపించింది. యేసు పట్టుకుని లాగాడు అన్నప్పుడు ముందు వరసలో ఉన్న ఒక పిల్ల చెయ్యి తీసుకుని, దానితోనే మెల్లగా లాగించింది. గడ్డిలోంచి పట్టె బయటికొచ్చి రెండోదానికి సమానంగా ఆగింది. పిల్లలు మోకాళ్ళ మీద లేచి చూశారు. మా అయ్యగారు కూడా మెడ చాచి చూడటం నేను చూశాను.

ఆ రోజు పొద్దున్నే గుడి పిల్లలంతా కాలవ మట్టి తెచ్చి పిచ్చుకలు చేశారు. పన్నెండు. కొన్ని కోళ్ళలా ఉన్నాయి, ఒకటి గుమ్మడికాయలా ఉంది. అత్త వాటిని వరసగా పెట్టి ఆ కథ కూడా చెప్పింది. ఐదేళ్ళ యేసు వాగు పక్కన విశ్రాంతి దినాన మట్టితో పన్నెండు పిచ్చుకలు చేశాడు. ఈ రోజు పని చేయకూడదని పెద్దమనిషి ఒకాయన వెళ్ళి తండ్రికి చెప్పాడు. తండ్రి వచ్చి ఎందుకు చేశావని కోప్పడ్డాడు. పిల్లవాడు బదులు చెప్పకుండా చప్పట్లు కొట్టి వెళ్ళండి అన్నాడు. పిచ్చుకలు అరుచుకుంటూ ఎగిరిపోయాయి. పిల్లలంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు.

కథలయ్యాక అయ్యగారు చాప దగ్గరికి వచ్చి, "ఇంకా ఏవేవి కావాలండి?" అని అడిగారు. నేను చెబుతూ పోయాను. బెత్తం పంతులు అనగానే ఆయన చెయ్యెత్తారు. పిల్లవాడైన యేసుకు మొదటి అక్షరం నేర్పబోయి, ఆ అక్షరం అర్థం ముందు నువ్వు నాకు చెప్పు అని ఎదురు అడిగించుకుని, తెల్లమొహం వేసిన పంతులది ఆ బొమ్మ.

"అది నేను చేస్తానండి" అన్నారు అయ్యగారు.

"మీ పోలికే పెట్టండి అయ్యగారూ, కష్టం ఉండదు" అంది అత్త.

ఆయన ఇంకా చేయలేదు. మట్టి తెచ్చుకున్నానని మొన్న ఫోన్లో చెప్పారు. వేమూరు పిల్ల ఇప్పుడు అమ్మమ్మ అయిందట. వదిన ఆమె నంబరు సంపాదించి అడిగితే, గాడిద తను మళ్ళీ చేస్తానని, ఈసారి చెవులు తర్వాత చేస్తానని చెప్పింది. అదీ ఇంకా రాలేదు. అత్తకు ఎడమ కన్ను బాగా మసకబారింది. ఫోన్ చేసిన ప్రతిసారీ ముందు నా ఆరోగ్యం అడగదు, ఏ బొమ్మ తయారైందని అడుగుతుంది.

పద్నాలుగు కథల్లో ఐదు తిరిగి వచ్చాయి, తొమ్మిది రావాలి. బొమ్మల లెక్క మాత్రం ఇద్దరికీ కుదరడం లేదు. ఆ రోజు గుళ్ళో అందరూ వెళ్ళాక పిచ్చుకలను పెట్టెలో సర్దుతుంటే పదకొండే ఉన్నాయి. చాపలు దులిపాను, గడ్డి తీసి చూశాను, బెంచీల కింద వంగి చూశాను. ఎవరో పిల్లవాడు జేబులో వేసుకుని ఉంటాడన్నాను. అత్త కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"పోయిందనుకోమాక. ఎగిరింది. ఎగిరినదాన్ని బాకీలో రాయమాక."

నేను ముప్పై సంవత్సరాలుగా చేతిలో ఉన్నదాన్నే లెక్కలో చూపించినవాణ్ణి. ముప్పై ఐదులో చేతికొచ్చినవి పదిహేను. ఆమె లెక్కలో ఇంకా రావలసినవి పందొమ్మిది. నా లెక్కలో, ఈ రోజుకి, ఇరవై.